సగం ఎర్ర వంతెన

తోరు-బులాక్ ఊరి వంతెన కట్టిన నాటి నుంచీ నీలం రంగుదే. దానికి ఎర్ర రంగు పూసింది టీవీ వాళ్ళు. పూసినవాళ్ళు పూర్తిగానైనా పూశారా అంటే అదీ లేదు. కెమెరాకి కనిపించే వైపు పూసి, రెండో వైపు వదిలేసి పోయారు. ఇప్పుడు కొండ వైపు నుంచి చూస్తే ఎర్ర వంతెన, బజారు వైపు నుంచి చూస్తే నీలం వంతెన. కొత్తవాడికి దారి చెప్పాలన్నా ముందు నువ్వెటు నిలబడ్డావని అడగాల్సి వస్తోంది. ఇంత చేసి, ఆ హత్య సీరియల్‌కి "ఎర్ర వంతెన" అని పేరు పెట్టుకున్నారు.

ఆదివారం సాయంత్రం దేశమంతటికీ మొదటి భాగం వేస్తారు. అంతకు ముందురోజు, శనివారం మధ్యాహ్నం, ఊరివాళ్ళకి ముందుగా చూపిస్తానని దర్శకుడు దామిర్ రాజధాని నుంచి మోసుకొచ్చాడు. మనిషి మంచివాడే. షూటింగ్ జరిగినన్నాళ్ళూ ఊళ్ళో అందరి ఇళ్ళలోనూ టీ తాగాడు, ఎవరి టీకీ వంక పెట్టలేదు. క్లబ్బు హాలు కిక్కిరిసిపోయింది. మగవాళ్ళు తెల్ల ఉన్ని టోపీలు పెట్టుకుని పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. ఆడవాళ్ళు ఎండు పెరుగు ఉండలు బుగ్గన పెట్టుకుని ముందు వరసలన్నీ ఆక్రమించారు.

మూడో వరసలో ఉల్బోసున్ కూర్చుంది. అరవై దాటిన మనిషి. ఉన్ని చాపలు కుట్టి కుట్టి వేళ్ళు కాయలు కాశాయి. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలోనూ చావింట కోషోక్ పాడాలంటే ఆమె గొంతే. ఏడుపు పాట అంటే అందరికీ వచ్చినట్టే ఉంటుంది గానీ, పోయినవాణ్ణి కళ్ళముందు నిలబెట్టేలా పాడటం అందరి వల్లా అయ్యే పని కాదు. ఆమె పక్కన కూర్చున్నది కాలిచా, చనిపోయిన తమ్ముడి భార్య. వాళ్ళ వెనక వరసలో కాలిచా కొడుకు ఎల్దియార్.

మొదటి భాగంలో ఉల్బోసున్ పాట ఉందని ఊరందరికీ తెలుసు. ఆ పాటలో ఏముందో ఆమె ఒక్కతికే తెలుసు. అందుకే హాలంతా నవ్వుతూ ఉంటే ఆమె మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుపోయి ఉంది.

దీపాలు ఆర్పారు. తెర మీద పొగమంచు, మంచులో ఎర్ర వంతెన, వంతెన కింద రాళ్ళ మీద బోర్లా పడి ఉన్న శవం. మరు నిమిషంలోనే రాజధాని నుంచి పోలీసు ఆఫీసరమ్మ దిగింది. మడమల బూట్లు వేసుకుని దిగింది.

"అయ్యో తల్లీ, ఆ బూట్లతో మన బురదలోకా!" అంది ముందు వరసలో ఒకావిడ. "రెండో అడుగుకి బూటు ఒకచోట, కాలు ఒకచోట!"

"అది మా గేటు! మా గేటే!"

"గేటు మీదే, లోపలికి వెళ్తే వచ్చింది మా ఇల్లు. చూడు, మా పొయ్యి."

"చెరిసగం పంచుకోండి, పోట్లాడకండి."

తెర మీద ఆఫీసరమ్మ కొండల వంక చూసి నిట్టూర్చి, "ఈ ఊళ్ళో ప్రతి ఒక్కరూ ఏదో దాస్తున్నారు," అంది. హాలు గొల్లుమంది.

"మా ఊళ్ళోనా! పొద్దున పొట్టేలు కొంటే మధ్యాహ్నానికి దాని బరువు బజారంతా చెబుతుంది, ఇక దాచేది ఎక్కడమ్మా!"

ముసలి మెలిస్ అప్పుడే హంతకుణ్ణి పట్టేశాడు. డెబ్భై దాటినా కర్ర పట్టుకుని నిటారుగా నడిచే మనిషి, ఏ హత్య కథ వచ్చినా మొదటి పావుగంటలోనే తేల్చేస్తానని ఆయనకి పంతం. "పశువుల డాక్టరు," అన్నాడు గట్టిగా. "రాసి పెట్టుకోండి."

"బాబాయ్, ఆ డాక్టరు ఇంకా నోరే విప్పలేదు కదా!"

"అందుకే అంటున్నా."

ఉల్బోసున్‌కి ఈ నవ్వులేవీ ఎక్కడం లేదు. శవాన్ని తీసుకెళ్తున్నారు. ఇంకొంచెంసేపట్లో గుడారం వేస్తారు. గుడారం వేశాక పాట వస్తుంది.

ఆ పాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ఆమె పేరు దగ్గర మొదలుపెట్టాలి. ఉల్బోసున్ అంటే, మగపిల్లాడు కావాలి అని. వరసగా ఆడపిల్లలు పుట్టుకొచ్చిన ఇంట్లో, ఇక చాలు స్వామీ అన్నట్టు ఆఖరి ఆడపిల్లకి పెట్టే పేరు అది. ఆ పేరుతో పిలిచిన ప్రతిసారీ దేవుడికి ఒక అర్జీ పెట్టినట్టే లెక్క. అర్జీ ఫలించింది. ఆమె వెనకే తిలెన్‌బాయ్ పుట్టాడు. చిన్నప్పుడు వాడు ఏడిస్తే, "నువ్వే కదే పిలుచుకొచ్చావు, నువ్వే ఎత్తుకో," అనేది తల్లి. ఉల్బోసున్ ఎత్తుకునేది. అప్పటి నుంచీ ఆమెకి ఒకటే లెక్క. తమ్ముణ్ణి ఈ లోకంలోకి పిలిచింది తను. పోతే సాగనంపాల్సిందీ తనే.

తిలెన్‌బాయ్ పెద్దవాడై కాలవ తూముల మీద పని చేశాడు. కుంటి కాలి బూడిద రంగు గుర్రం ఎక్కి, చెవి పక్కన పొయ్యికి కాలిన టోపీ పెట్టుకుని, ఎవరి పొలానికి ఏ పూట నీళ్ళు వదలాలో చూసుకుంటూ తిరిగేవాడు. పోయిన ఏడు చలి మొదలైన రోజుల్లో తూము దగ్గరే గుండె ఆగి పడిపోయాడు. ఇంటి ముందు గుడారం వేశారు. ఆడవాళ్ళు లోపల కూర్చున్నారు. ఉల్బోసున్ గోడకి ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకుంది. అప్పుడు ఎల్దియార్ లోపలికి వంగి, "అత్తా, కోషోక్ వద్దు. బిగ్గరగా ఏడిస్తే పోయినవాళ్ళకి సమాధిలో బాధ అంటున్నారు. కన్నీళ్ళు పెట్టుకోండి చాలు," అన్నాడు.

కొడుకు మాట. శవం ఇంకా లేవలేదు. ఆ పూట ఆ ఇంట్లో గొడవ పెట్టడం ఎలా? ఆమె నోరు మూసుకుంది. కోషోక్ లేకపోతే లోపలి ఆడవాళ్ళు గొంతు కలపడానికి ఏమీ ఉండదు. పాట వినపడకపోతే మగవాళ్ళు వీధిలోంచి ఏడుస్తూ రారు. గుమ్మం దగ్గర కర్ర మీద వాలి నిలబడ్డ కొడుకుని కౌగిలించుకుని ఘొల్లుమనరు. ఆ రోజు ఎల్దియార్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు గానీ, వచ్చినవాళ్ళు చెయ్యి కలిపి, తల ఊపి, ఆఫీసులో సంతకం పెట్టినట్టు లోపలికి వెళ్ళారు. వందమంది పొలాలకి నీళ్ళిచ్చిన మనిషిని చప్పుడు లేకుండా మట్టిలో పెట్టి వచ్చారు. అప్పటి నుంచీ ఆ పాట ఉల్బోసున్ గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే చోటు లేదు.

తరువాత ఎండాకాలంలో దామిర్ వచ్చాడు. "పెద్దమ్మా, మా కథలో చచ్చిపోయినవాడి కోసం రెండు నిమిషాలు ఏడుపు పాట పాడాలి. ఏదైనా పాతది, మీకు తోచింది," అన్నాడు. గుడారంలోకి తీసుకెళ్ళాడు. ఆమె చుట్టూ కూర్చోబెట్టిన ఆడవాళ్ళు రాజధాని నుంచి బస్సులో తెచ్చిన నాటకం పిల్లలు. మధ్యలో తెల్లగుడ్డ కప్పుకుని శవం పడుకుని ఉంది. శవం ఫోను చూసుకుంటోంది.

"ఇతను బతికే ఉన్నాడు కదయ్యా," అంది ఉల్బోసున్.

"నటన కదా పెద్దమ్మా."

"అతను నటిస్తాడు. కోషోక్ నటించదు. బతికున్నవాడి మీద పాడితే వాడికి మూడుతుంది. ఎవరి బిడ్డో ఏమో, వాడికీ ఓ తల్లి ఉంటుంది."

దామిర్ నవ్వాడు. పక్కనున్నవాళ్ళు తొందరపెట్టారు. వెలుతురు పోతోందన్నారు. పాట అంటూ పాడితే చచ్చిపోయినవాడి మీదే పాడాలి. చచ్చిపోయినవాడు, పాట బాకీ ఉన్నవాడు, ఆమెకి ఒక్కడున్నాడు. ఆమె ఆ లావుపాటి నటుడికి వీపు పెట్టి కూర్చుని గోడ వైపు చూస్తూ తిలెన్‌బాయ్‌ని పాడేసింది. దామిర్‌కి రాజధానిలో పెరిగిన చెవులు. పాట బాగుందని తెలిసింది గానీ ఆ పాతకాలపు పల్లె మాటలు అందలేదు. నాటకం పిల్లలకీ అంతే. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు తెర మీద గుడారం వచ్చింది. ఆమె వీపు కనిపించింది. ఆ వెంటనే గొంతు.

"కొడుకు రావాలని నా పేరు పెట్టారు,
కొడుకువై నా వెనక వచ్చావు తమ్ముడా.
పిలిచి తెచ్చినదాన్ని నేనుండగానే
చెప్పకుండా ఎట్లా వెళ్ళావు తమ్ముడా."

ముందు వరసలో పెరుగు ఉండ నములుతున్న చప్పుడు ఆగింది.

"కుంటి కాలి గుర్రం గుమ్మాన సకిలిస్తే
ఎక్కేవాడు లేడని ఎవరు చెప్పాలి.
చెవి పక్క కాలిన నీ తెల్ల టోపీ
పెట్టేవాడు లేడని మేకుకేం తెలుసు."

ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. ఆ గుర్రం ఊళ్ళో ఒకటే, ఆ టోపీ ఊళ్ళో ఒకటే. కాలిచా చెయ్యి వచ్చి ఉల్బోసున్ మణికట్టు పట్టుకుంది.

"పోసిన టీ తాగక పోయిన చుట్టంలా
నీ పాట నువ్వు వినక పోయావు తమ్ముడా.
నీ గుమ్మంలోనే నా నోరు మూశారు,
మూసిన నోటితో సాగనంపాను."

వెనక ఎక్కడో కర్ర నేలకి తగిలిన చప్పుడు. మెలిస్ లేచి నిలబడ్డాడు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, తల వంచి, చావింటికి వచ్చే మగవాళ్ళు పిలిచినట్టే, "అయ్యో నా తోడబుట్టినవాడా! తిలెన్‌బాయ్! నా తమ్ముడా!" అని గొంతెత్తాడు. కోషోక్ వినబడితే ఊరుకున్నవాడు మనిషి కింద లెక్క కాదు. ఆయన ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు, వినబడలేదు కాబట్టి. ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. ముందు వరసల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం మాని గొంతు కలిపారు. క్లబ్బు హాలు చావిల్లయిపోయింది.

తెర మీద కథ తన దారిన తను పోతోంది. ఆఫీసరమ్మ గడ్డివాములో కత్తి కనిపెట్టింది. ఎవరూ చూడలేదు. "అయ్యో, కత్తి! కత్తి దొరికింది, చూడండి!" అని దామిర్ గోడ పక్క నుంచి చేతులూపాడు. అతనికి ఇంతకీ జరుగుతున్నదేమిటో అర్థం కాలేదు. ఎవరు చంపారో పట్టించుకోకుండా, చచ్చినవాడి కోసం ఏడ్చే ప్రేక్షకులు అతనికి అంతవరకూ తగల్లేదు.

దీపాలు వెలిగాక, వసారాలో, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు పోసిన బల్ల దగ్గర ఎల్దియార్ అడ్డం వచ్చాడు. టైర్ల కొట్టు నడుపుకునే కుర్రాడు. చెడ్డవాడు కాదు. తండ్రి పోయాక నమాజు పట్టాడు, సిగరెట్టు మానాడు, తల్లిని బాగా చూసుకుంటాడు. ఇప్పుడు మాత్రం చెవులదాకా ఎర్రబడి ఉన్నాడు.

"ఏం పనత్తా ఇది? నాన్నని తీసుకెళ్ళి హత్య సీరియల్లో పెడతావా? రేపు దేశమంతా చూసి, వంతెన కింద చచ్చింది మా నాన్నే అనుకోదూ?"

"మీ నాన్న ఎలా పోయాడో దేశానికి నేను చెప్పుకోగలను. ఏడవకుండా ఎందుకు పంపావంటే నువ్వు చెప్పగలవా?"

"మత పెద్దలు చెప్పినట్టు చేశా. నాదేం తప్పు?"

పక్కనే టీ తాగుతున్న కుర్ర ఇమాం గొంతు సవరించుకున్నాడు. "గుండెలు బాదుకోవద్దని అన్నాను ఎల్దియార్. ఎవరి నోరూ మూయమని నేను అనలేదు," అని మెల్లగా చెప్పి, గిన్నె బల్ల మీద పెట్టి, సందు చూసుకుని తప్పుకున్నాడు.

దాంతో ఎల్దియార్‌కి ఇంకా మండింది. "నీ గుమ్మంలో నోరు మూశారట! ఎవరు మూశారో ఊరందరికీ తెలిసేట్టు పాడావు కదా!"

"పేరు పెట్టానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు నువ్వే తడుముకుంటున్నావు."

"అత్తా!"

"అరవకు. ఇంట్లో పాడనివ్వలేదు, రచ్చలో పాడాను. పాట నాది. తమ్ముడు నావాడు. ఏడుపు నాది. ఇందులో నీ వాటా ఎక్కడిదిరా?"

"ఆయన కొడుకుని నేను!"

"కాదన్నానా? నువ్వు పుట్టకముందే వాడు నాకు తమ్ముడు."

దామిర్ ఇద్దరి మధ్యా నిలబడి టోపీ నలుపుకుంటున్నాడు. సంగతి ఇప్పుడిప్పుడే ఎవరో విడమర్చి చెప్పారు. "పెద్దమ్మా, నాకు మాటలు అందలేదు. మీరు వద్దంటే ఒక్క ఫోనుతో తీయించేస్తాను. ఆ చోట కోముజ్ వాయిద్యం పెడతారు. మీరు ఉంచమంటే ఉంచుతాను."

"ఉంచు."

"తియ్యండి," అన్నాడు ఎల్దియార్. "కొడుకుగా చెబుతున్నా. తియ్యకపోతే మీ ఛానల్ వాళ్ళతోనే తేల్చుకుంటాను." అత్త వైపు తిరిగాడు. "అది రేపు టీవీలో వచ్చిందా, మా గడప తొక్కొద్దు నువ్వు."

కాలిచా ఏదో అనబోయి, కొడుకు మొహం చూసి, తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. అది తమ్ముడి గడప. టోపీ ఇంకా అక్కడే మేకుకి వేలాడుతోంది. మరదలంటే ఉల్బోసున్‌కి ప్రాణం. అయినా సరే, ఒకసారి మింగినదాన్ని రెండోసారి మింగడం ఆమె వల్ల కాదు.

"నీ గడపలో నా నోరు ఒకసారి మూసుకున్నాను నాయనా," అంది. "ఇంకోసారి మూసుకోవడానికి నేనే రాను. దామిర్, మాటివ్వు. ఆ పాట కదలకూడదు."

"మాటిస్తున్నాను పెద్దమ్మా," అన్నాడు దామిర్. అన్నాడు గానీ, కళ్ళు ఎల్దియార్ మీద ఉన్నాయి.

ఆదివారం సాయంత్రం ఉల్బోసున్ టీ నీళ్ళ సమోవార్ రాజేసి, ఒంటరిగా టీవీ ముందు కూర్చుంది. ఊరంతా ఎవరిళ్ళలో వాళ్ళు టీవీల ముందే ఉన్నారు, వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. అంతలో తలుపు నెట్టుకుని కాలిచా వచ్చింది. ఆయాసపడుతోంది. వంతెన దాటి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి వచ్చింది.

"వాడు టీవీ తీగ పీకి జేబులో పెట్టుకున్నాడు వదినా," అంది తలగుడ్డ సర్దుకుంటూ. "నా కాళ్ళు పీకి పెట్టుకోలేదు కదా. వచ్చేశాను."

ఉల్బోసున్‌కి ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వొచ్చింది. "అమ్మో, నీకూ నోరుందే కాలిచా! కూర్చో. టీ పోస్తా."

"సగమే పొయ్యి. మళ్ళీ మళ్ళీ పోయించుకుంటా. ఇవాళ నేను తొందరగా లేచే చుట్టాన్ని కాదు."

మళ్ళీ పొగమంచు, మళ్ళీ వంతెన, మళ్ళీ మడమల బూట్లు. ఈసారి ఇద్దరూ తీరిగ్గా చూశారు.

"ఆ పోలీసు పిల్ల ఊళ్ళోకొచ్చి ఇన్నిళ్ళు తిరిగింది. ఒక్క ఇంట్లోనైనా రొట్టె ముక్క విరిచిందా? తినకుండా ప్రశ్నలడిగితే ఎవరు చెబుతారు?" అంది కాలిచా.

"హంతకుడు దొరకడు దీనికి."

"పశువుల డాక్టరంటున్నాడు మెలిస్ మామ."

"మెలిసన్న ప్రతి కథలోనూ డాక్టర్నే అంటాడు. ఆయనకోసారి డాక్టరు ఒకటి బదులు ఇంకో పన్ను పీకాడు కదా, అందుకని."

శవాన్ని తీసుకెళ్ళారు. గుడారం వచ్చింది. కాలిచా గిన్నె కింద పెట్టేసింది. తెర మీద ఉల్బోసున్ వీపు కనిపించింది. వీపు కదులుతోంది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. కోముజ్ తీగలు టింగు టింగుమని మోగుతున్నాయి.

గొంతు లేదు.

"వదినా," అంది కాలిచా. "నీ గొంతేది?"

ఉల్బోసున్ తెర వంకే చూసింది. తీసేశారు. దామిర్ తియ్యననే చెప్పాడు. మాటిచ్చాడు. ఈ ఇంట్లో ఈ పీట మీద కూర్చుని టీ తాగిన మనిషి. మొదటిసారి గుమ్మంలో మూశారు, ఇప్పుడు దేశం చూస్తుండగా మూశారు. నోరు లేని బొమ్మని చేసి, చావింట ముందు వాయిద్యం పెట్టి, వీపు ఊపించారు. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా కోపమే వచ్చింది. ఇంత వయసొచ్చాక ఇంత కోపం తనలో ఉందని ఆమెకే తెలియదు.

"వాళ్ళ యంత్రంలోంచి తీస్తారు," అంది. "నాలోంచి తియ్యమను చూద్దాం."

లేచి వీధి వైపు కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. తలుపు తెరిచింది. వెనక్కి వచ్చి, గోడకి ఎదురుగా, తమ్ముడి గుడారంలో కూర్చున్నట్టే కూర్చుంది. చేతులు నడుం మీద పెట్టుకుని గొంతెత్తింది.

"కొడుకు రావాలని నా పేరు పెట్టారు..."

ఎదురింట్లో టీవీలో కూడా అప్పుడు కోముజే మోగుతోంది. పక్కింట్లోనూ అంతే. ఆ చోట ఏ పాట ఉండాలో ఊరందరూ నిన్న విన్నారు. లేకపోవడం కూడా అందరికీ ఒక్కసారే తెలిసింది. మొదటి చరణం రెండోసారి అందుకునేసరికి పక్కింటి కిటికీ తెరుచుకుంది, ఒక ఆడగొంతు కలిసింది. ఆ పైన ఎదురిల్లు. ఆ పైన వీధి మూలింటి ముసలమ్మ, పళ్ళు లేని నోటితో. నాలుగిళ్ళ అవతల ఇంకొకరు. పాట ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి పాకుతూ పోయింది.

కోషోక్ పాడేవాళ్ళు వెనక్కి తిరగకూడదు. ఉల్బోసున్ తిరగలేదు. బయట జరిగినదంతా ఆమె చెవులతోనే చూసింది.

ముందుగా పరుగెత్తుకొచ్చిన అడుగులు. అవి ఎల్దియార్‌వని ఆమెకి తెలుసు, చిన్నప్పటి నుంచీ వాడు కుడికాలు ఈడుస్తాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"అత్తా! ఆపు! అమ్మా, నువ్విక్కడున్నావా? ఇదేం పని, ఆపండి!"

ఉల్బోసున్ కుంటి గుర్రం చరణం అందుకుంది. కాలిచా కొడుకు వైపు చూడలేదు. వదిన పక్కకి జరిగి, ఆమె కూడా గోడ వైపు తిరిగి కూర్చుంది.

అప్పుడు వీధిలోంచి కర్ర చప్పుడు. "అయ్యో నా తోడబుట్టినవాడా!" అంటూ మెలిస్ వస్తున్నాడు. ఆయన వెనక ఇంకా అడుగులు, ఇంకా గొంతులు. వంతెన మీద నుంచి కూడా వస్తున్నారు, ఇనప కమ్మీలు మోగుతున్నాయి.

"మెలిస్ మామా, ఇది చావిల్లు కాదు, మీరు వెనక్కి—" అన్నాడు ఎల్దియార్. మాట అక్కడే ఆగిపోయింది. మొహం గొర్రెతోలు కోటులో కూరుకుపోయినట్టు చప్పుడైంది.

లోపల కోషోక్, గుమ్మంలో కొడుకు. వచ్చినవాడు ఇక ఆలోచించడు. మెడ పట్టుకుని ఏడవాల్సిందే. అది మెలిస్ చేతిలో లేదు. ఎల్దియార్ చేతిలో అంతకన్నా లేదు. పాట ఆపడానికి వచ్చి నిలబడ్డ చోటే కొడుకు నిలబడే చోటు అయి కూర్చుంది. మెలిస్ వదిలితే ఇంకొకడు పట్టుకున్నాడు. "నీకు తండ్రి పోయాడు నాయనా! మాకు నీళ్ళిచ్చిన చెయ్యి పోయింది!" అని ఒకడు. "ఎండాకాలం పొద్దుగూకినా నా పొలానికి నీళ్ళు వదిలి గానీ ఇంటికి వెళ్ళలేదురా మీ నాన్న!" అని ఇంకొకడు. వాళ్ళ మధ్య ఎల్దియార్ గొంతు వినబడటం లేదు. వాడు తోసుకుని పోయాడేమోనని ఉల్బోసున్ ఒక్క క్షణం అనుకుంది. అయినా పాడుతూనే ఉంది.

టీవీలో ఆఫీసరమ్మ గడ్డివాములో కత్తి కనిపెట్టింది. ఆ ఊళ్ళో ఆ కత్తిని రెండోసారి కూడా ఎవరూ చూడలేదు.

అప్పుడు వినబడింది. అలవాటు లేని గొంతు. మధ్యలో పగిలిపోయిన గొంతు.

"నాన్నా," అంది అది. "నాన్నా! నా నాన్నా!"

ఏడాదిగా కొడుకు మాట కోసం నోరు కట్టుకున్న కాలిచా, గోడ కేసి చూస్తూ తన మొగుడికి తను కట్టుకున్న పాట మొదలుపెట్టింది. సన్నటి గొంతు, ఉల్బోసున్ ఎప్పుడూ విననిది. ఉల్బోసున్ ఆమెకి దారిచ్చి, ఆమె ఊపిరి తీసుకున్న చోట మళ్ళీ తన పాట అందుకుంది. టోపీ అయిపోయింది. తాగని టీ అయిపోయింది. ఇక మిగిలింది నోరు మూసిన పాదాలు.

కోషోక్‌లో అబద్ధం పనికిరాదు. నిన్న నిజమైనది ఇవాళ నిజం కాకపోతే దాన్ని పట్టుకుని వేలాడకూడదు. బయట వాడు ఇంకా ఏడుస్తున్నాడు, మెలిస్ వాణ్ణి ఇంకా పట్టుకునే ఉన్నాడు. ఉల్బోసున్ ఊపిరి నిండా తీసుకుని, ఊరంతటికీ వినబడేలా, ఆ చివరి రెండు పాదాలూ మార్చి పాడింది.

"నా గుమ్మంలోన నీ కొడుకు నిలిచాడు,
తలుపు తీసే ఉంది, విని వెళ్ళు తమ్ముడా."